రిడ్డర్ అరీనా చాలదు: ఎన్‌సీఏఏ అధ్యక్షుడికి బహిరంగ లేఖ

చార్లీ బేకర్ గారికి,
అధ్యక్షులు, ఎన్‌సీఏఏ,
ఇండియానాపొలిస్.



అమెరికాలో కాలేజీ క్రీడల్ని నడిపే మీ సంస్థ జరిపే తొంభై చిల్లర జాతీయ ఛాంపియన్‌షిప్‌లలో మహిళల ఐస్ హాకీ ఒకటి. 2024–25 సీజన్‌లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం అమ్మాయిలు ఆ ఆటను ఎక్కడికి తీసుకెళ్లారో, దానికి మీరు వేసిన పీట ఎంతదో పక్కపక్కన పెట్టి చూపడానికే ఈ లేఖ.

ముందుగా ఆ రోజు జరిగిందేమిటో చెప్పాలి.

2025 మార్చి 23, ఆదివారం. మినియాపొలిస్‌లోని రిడ్డర్ అరీనాలో ఫైనల్. ఒహాయో స్టేట్ 3, విస్కాన్సిన్ 2. గడియారంలో సెకన్లు కరిగిపోతున్నాయి. ఒహాయో గోలు ముందు ఒకటే తోపులాట. ఆ గందరగోళంలో ఒహాయో క్రీడాకారిణి పక్‌ను (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లను) చేత్తో కప్పేసిందంటూ విస్కాన్సిన్ కోచ్ మార్క్ జాన్సన్ రివ్యూ కోరారు. గోలు ముందున్న నీలం రంగు అర్ధవృత్తంలో గోలీ తప్ప ఆ జట్టువాళ్లు ఇంకెవరు పక్‌ను చేత్తో మూసినా అవతలి జట్టుకు పెనాల్టీ షాట్ ఇవ్వాలి. రిఫరీలు వీడియో చూశారు. జాన్సన్ మాటే నెగ్గింది. ఆటకు మిగిలింది 18.9 సెకన్లు.

పక్‌ను రింక్ నడిమధ్యన పెట్టారు. అక్కడి నుంచి గోలు గీతకు 89 అడుగులు. రెండు జట్లవాళ్లూ పక్కకు తప్పుకున్నారు. మంచు మీద ఆడేవాళ్లు ఇద్దరే మిగిలారు: ఇటు కర్స్టెన్ సిమ్స్, అటు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న గోలుకు అడ్డంగా ఒహాయో గోలీ. పెనాల్టీ షాట్‌లో రెండో అవకాశం ఉండదు. గోలీకి తగిలి వెనక్కి వచ్చిన పక్‌ను మళ్లీ కొట్టడం కుదరదు. సిమ్స్ గోలు కొట్టింది. స్కోరు 3–3. అదనపు సమయంలో 2 నిమిషాల 49 సెకన్లకు మరో గోలు కొట్టింది కూడా ఆమే. 4–3తో విస్కాన్సిన్ ఖాతాలో ఎనిమిదో జాతీయ టైటిల్ చేరింది.

ఇంతటి ఆటను కళ్లారా చూసే అవకాశం ఎందరికి దక్కింది? రిడ్డర్ అరీనాలో ఉన్న సీట్లు సుమారు 3,400. సరిగ్గా ఇరవై రోజుల తర్వాత, ఏప్రిల్ 12న, పురుషుల ఫైనల్‌ను మీ సంస్థ సెయింట్ లూయిస్‌లోని ఎంటర్‌ప్రైజ్ సెంటర్‌లో జరిపింది. అది పురుషుల వృత్తి లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఆడే జట్టు సొంత రింక్. సుమారు 18 వేల మంది పడతారు. అక్కడ వెస్టర్న్ మిషిగన్ 6–2తో బోస్టన్ యూనివర్సిటీని ఓడించింది. వెస్టర్న్ మిషిగన్‌కు అది తొలి టైటిల్, సంతోషమే. కానీ ఆ రెండు ఫైనళ్లలో జనం ఊపిరి బిగబట్టి చూడాల్సింది ఏదో స్కోర్లే చెబుతున్నాయి. ఊరంతటినీ పిలవాల్సిన పెళ్లిని ఇంటి వసారాలో కానిచ్చేసినట్టుంది మీ ఏర్పాటు.

తెలుగు పాఠకులకు ఈ ఆట కొత్త కావచ్చు, ఆ ఊళ్లు మాత్రం కొత్త కావు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఉన్న మాడిసన్, ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్, ఫైనల్ జరిగిన మినియాపొలిస్ పేర్లు మన ఇళ్లలో ఐ-20 కాగితాల మీద, అడ్మిషన్ల కబుర్లలో బాగా నలిగినవే. పిల్లల్ని అక్కడ చదివిస్తున్నవాళ్ల కోసం ఆట సంగతి నాలుగు ముక్కల్లో: రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. గట్టిపరిచిన రబ్బరుతో చేసిన పక్ మూడంగుళాల అడ్డకొలత, అంగుళం మందం ఉంటుంది. ఆటకు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు, లేకపోతే మంచు మీద ఎగిరెగిరి పడుతుంది. గోలీ తప్ప ఎవరూ సాధారణంగా ఏకబిగిన నిమిషానికి మించి ఆడరు. ఒంట్లో సత్తువంతా ఆ కాసేపట్లోనే ఖర్చుపెట్టి బెంచీకి వచ్చేస్తే, ఆట ఆగకుండానే ఇంకొకరు గోడ దూకి మంచు మీదికి వెళ్తారు. మగవాళ్ల ఆటలో ఒంటితో ఢీకొట్టి పడగొట్టడం మామూలే. మహిళల కాలేజీ హాకీలో దానికి శిక్ష పడుతుంది. కాబట్టి ఇక్కడ గెలిపించేది స్కేటింగ్, పాసింగ్, స్టిక్ పనితనం.

ఇక ఆ సీజన్.

విస్కాన్సిన్ మొత్తం 41 మ్యాచ్‌లు ఆడింది. 38 గెలుపులు, రెండు డ్రాలు, ఒకే ఒక్క ఓటమి. ప్రిన్స్‌టన్ తరఫున ఆడి, అరుదైన రక్తవ్యాధితో 28 ఏళ్లకే 1990లో కన్నుమూసిన ప్యాటీ కాజ్‌మయర్ పేరిట ఏటా దేశంలోని ఉత్తమ కాలేజీ క్రీడాకారిణికి అవార్డు ఇస్తారు. 2025లో ఆ అవార్డు తుది జాబితాలో మిగిలిన ముగ్గురూ విస్కాన్సిన్ వాళ్లే: కేసీ ఒబ్రయన్, లైలా ఎడ్వర్డ్స్, కరొలైన్ హార్వీ. అవార్డు ఒబ్రయన్‌కు దక్కింది. ఆ సీజన్‌లో ఆమె 26 గోల్స్ కొట్టి, మరో 62 గోల్స్‌కు పాస్ అందించి 88 పాయింట్లు కూడబెట్టింది. బేకర్ గారూ, ఆమె మీ ఇలాకా అమ్మాయే. మీరు ఎనిమిదేళ్లు గవర్నర్‌గా ఏలిన మసాచుసెట్స్‌లోని మిల్టన్ ఆమె ఊరు.

35 గోల్స్ కొట్టిన లైలా ఎడ్వర్డ్స్‌ది ఒహాయోలోని క్లీవ్‌లాండ్ హైట్స్. ఆరడుగులు దాటిన మనిషి. 2023లో అమెరికా సీనియర్ మహిళల జట్టుకు ఆడిన తొలి నల్లజాతి క్రీడాకారిణిగా నిలిచింది. 2024లో న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇరవై ఏళ్లకే ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. డిఫెండర్ హార్వీ 2022 బీజింగ్ ఒలింపిక్స్ రజతం చేతబట్టుకున్నాకే కాలేజీ జెర్సీ తొడుక్కుంది. అంటే వీళ్లు దేశానికి ఆడి వచ్చి, సోమవారం పొద్దున మళ్లీ క్లాసులో కూర్చునే రకం.

కోచ్ జాన్సన్ గురించి మీకు వేరే చెప్పాలా? 1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్‌లో అమెరికా కుర్రాళ్లు సోవియట్ జట్టును ఓడించినప్పుడు రెండు గోల్స్ ఆయనవే. వాటిలో మొదటిది తొలి భాగం ముగియడానికి ఒక్క సెకను ముందు కొట్టిందే. ఆ దెబ్బకు సోవియట్ కోచ్ ప్రపంచంలోనే మేటి గోలీ అనిపించుకున్న ట్రెట్యాక్‌ను పక్కన కూర్చోబెట్టాడు. ఆనాటి స్కోరు కూడా 4–3. ఆయన తండ్రి బాబ్ జాన్సన్ ఇదే విస్కాన్సిన్‌లో పురుషుల జట్టుకు పేరున్న కోచ్. కొడుకు 2002లో మహిళల జట్టు పగ్గాలు అందుకున్నారు. 2006 నుంచి 2025 దాకా వచ్చిన ఎనిమిది టైటిళ్లూ ఆయన హయాంలోవే. గడియారం చివరి సెకన్ల విలువ ఆయనకంటే ఎక్కువగా తెలిసినవాళ్లు ఆ రోజు ఆ భవనంలో ఉండి ఉండరు.

2025 ఫైనల్ ఒక్కనాటి అదృష్టమూ కాదు. 2023 ఫైనల్‌లో విస్కాన్సిన్ 1–0తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది, ఆ ఒక్క గోలూ సిమ్స్‌దే. 2024లో ఒహాయో స్టేట్ అదే 1–0తో బాకీ తీర్చుకుంది. 2025లో అదనపు సమయం దాకా వెళ్లి 4–3. వరసగా మూడేళ్లు అవే రెండు జట్లు, మూడు ఫైనళ్లలోనూ ఒక్క గోలే తేడా. ఇలాంటి పోటీని పురుషుల వైపు ఎవరైనా తయారుచేసి ఇస్తే మీ ప్రచార విభాగం నిద్రపోయేదా?

ఇక్కడో మాట. రిడ్డర్ అరీనాను తక్కువ చేయడం ఈ లేఖ ఉద్దేశం కాదు. 2002లో తెరిచిన ఆ రింక్, అమెరికాలో మహిళల కాలేజీ హాకీ కోసమే కట్టిన మొట్టమొదటి అరీనా. మినిసోటా విశ్వవిద్యాలయం దాన్ని కట్టినప్పుడు, మహిళల హాకీలో మీ సంస్థ జాతీయ ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టి నిండా రెండేళ్లు కాలేదు. 2001లో జరిగిన మొదటి టోర్నీలో ఆడింది నాలుగే జట్లు, గెలిచింది మినిసోటా డులూత్. ఆ లెక్కన అప్పటికి రిడ్డర్ చాలా పెద్ద అడుగు. మామూలు శుక్రవారం రాత్రి లీగ్ మ్యాచ్‌కు ఇప్పటికీ సరిపోతుంది. జాతీయ ఫైనల్‌కు సరిపోదు. పైగా 2023లో ఫైనల్ జరిగిన డులూత్‌లోని ఆమ్సాయిల్ అరీనా, 2024లో జరిగిన డర్హమ్‌లోని విట్‌మోర్ సెంటర్ ఒక్కొక్కటి ఆరు వేల పైచిలుకు మంది పట్టేవి. ఆట ఎదిగిన ఏడాదే వేదిక సగానికి కుంగింది.

మీరు రాకముందే కొన్ని మంచి పనులు మొదలైన మాట వాస్తవం. 2021 మార్చిలో బాస్కెట్‌బాల్ టోర్నీలో అబ్బాయిలకు పెద్ద వ్యాయామశాల, అమ్మాయిలకు ఒక్క స్టాండు డంబెల్స్ ఇచ్చిన వైనాన్ని ఒరెగన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ వీడియో తీసి లోకానికి చూపించింది. మీ సంస్థ పరువు బజారున పడింది. దాంతో కప్లన్ హెకర్ అండ్ ఫింక్ అనే న్యాయ సంస్థతో విచారణ చేయించారు. బాస్కెట్‌బాల్‌ను పక్కన పెట్టి మిగతా ఆటల లెక్క తీస్తే, 2018–19లో డివిజన్ 1, జాతీయ ఛాంపియన్‌షిప్‌లలో ఒక్కో పురుష క్రీడాకారుడి మీద 4,285 డాలర్లు, ఒక్కో మహిళా క్రీడాకారిణి మీద 2,588 డాలర్లు ఖర్చయ్యాయని 2021 అక్టోబరు నివేదికలో తేలింది. తలకు 1,697 డాలర్ల తేడా. విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదని చెప్పే టైటిల్ 9 చట్టం 1972లో వచ్చింది. ఈ లెక్క బయటపడింది దానికి దాదాపు యాభై ఏళ్ల తర్వాత.

ఆ నివేదిక తర్వాతే మహిళల హాకీ టోర్నీ 8 జట్ల నుంచి 11కు పెరిగింది. పురుషుల టోర్నీలో 16 కదా, ఇది అన్యాయం కాదా అని కొందరు అడుగుతారు. న్యాయంగా చెప్పాలంటే కాదు. పురుషుల జట్లు అరవై పైచిలుకు, మహిళలవి నలభై పైచిలుకు. రెండు వైపులా నాలుగో వంతుకు అటూ ఇటూగా చోటు దక్కుతోంది. కాబట్టి ఈ లేఖ ఫిర్యాదు జట్ల సంఖ్య మీద కాదు. ఆ టోర్నీని ఎక్కడ ఆడిస్తున్నారు, ఎవరికి చూపిస్తున్నారు, జట్లను ఎలా జోడిస్తున్నారు అన్నదాని మీద.

జోడింపు సంగతే చూడండి. టోర్నీలో ఎనిమిది జట్లున్న రోజుల్లో విమానం ఖర్చు మిగుల్చుకోవడానికి, 400 మైళ్ల లోపు బస్సులో వెళ్లగలిగే జట్లను తొలి రౌండ్‌లోనే ఒకదానికొకటి ఎదురు పెట్టేవారు. ఒకే లీగ్‌లో ఏడాదంతా తలపడిన మేటి జట్లు క్వార్టర్ ఫైనల్‌లో మళ్లీ ఢీకొని, ఒకటి ఇంటికి పోయేది. ర్యాంకును బట్టి కాకుండా డీజిలును బట్టి ప్రత్యర్థి తేలేదన్నమాట. బస్సు దూరం ఏ రౌండ్‌లోనూ ర్యాంకును మింగకూడదని మీ నియమావళిలో ఒక్క వాక్యం ఉంటే మళ్లీ అలా జరుగుతుందన్న అనుమానం శాశ్వతంగా పోతుంది.

పెద్ద హాలు తీసుకుంటే కుర్చీలు ఖాళీగా ఉంటాయి, టీవీలో అసహ్యంగా కనిపిస్తుంది: మీ కమిటీలో ఎవరో ఒకరు అనే మాట ఇదే అయి ఉంటుంది. భయం అర్థమయ్యేదే. తటస్థ నగరంలో, ఏ రెండు జట్లు వస్తాయో ముందే తెలియని మ్యాచ్‌కు టికెట్లు అమ్మడం తేలిక కాదు. కానీ ఈ భయానికి జవాబు బోస్టన్‌లోనే ఉంది, అదీ మీ సొంత గడ్డ మీద.

బీన్‌పాట్ అంటే ఏమిటో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. బోస్టన్ చుట్టుపక్కల నాలుగు విశ్వవిద్యాలయాల హాకీ పోటీ అది. మీరు చదివిన హార్వర్డ్ ఆ నాలుగింట్లో ఒకటి. పురుషుల బీన్‌పాట్ దశాబ్దాలుగా నగరంలోని పెద్ద అరీనాలో జరుగుతుంటే, మహిళలది మాత్రం క్యాంపస్ రింకుల్లో తిరిగేది. 2024 జనవరిలో మొదటిసారి మహిళల ఫైనల్‌ను ఆ పెద్ద అరీనా టీడీ గార్డెన్‌కు తెచ్చారు. 10,633 మంది వచ్చారు. అదనపు సమయంలో నార్త్‌ఈస్టర్న్ 2–1తో బోస్టన్ యూనివర్సిటీని ఓడించింది. ఆట మారలేదు, నాలుగు జట్లూ మారలేదు. తలుపు పెద్దది చేశారు, జనం వచ్చారు.

మాడిసన్ ఉదాహరణ ఇంకా పాతది. విస్కాన్సిన్ అమ్మాయిల సొంత రింక్ లాబాన్ అరీనాలో సీట్లు 2,273 మాత్రమే. కానీ పక్కనే ఉన్న కోల్ సెంటర్‌లో 2017 జనవరి 14న సెయింట్ క్లౌడ్ స్టేట్‌తో ఆడినప్పుడు 15,359 మంది వచ్చారు. అది ఫైనల్ కాదు, సెమీఫైనల్ కూడా కాదు. మామూలు లీగ్ మ్యాచ్.

కాలేజీ దాటిన తర్వాత పరిస్థితి చూడండి. మహిళల వృత్తి లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్ 2024 జనవరిలో ఆరు జట్లతో మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్ 20న మాంట్రియాల్ బెల్ సెంటర్‌లో టొరొంటో, మాంట్రియాల్ ఆడితే 21,105 మంది హాజరయ్యారు. 2025–26 సీజన్‌కు వాంకూవర్, సియాటిల్ కూడా చేరి జట్లు ఎనిమిదయ్యాయి. 2025 డ్రాఫ్ట్‌లో ఒబ్రయన్‌ను న్యూయార్క్ మూడో ఎంపికగా తీసుకుంది. ఇక జాతీయ జట్టు సంగతి. రిడ్డర్‌లో ఫైనల్ ముగిసిన నాలుగు వారాలకు చెక్ రిపబ్లిక్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. అమెరికా అదనపు సమయంలో 4–3తో కెనడాను ఓడించింది. గెలుపు గోలు కొట్టిన టెస్సా జెనెకీ అప్పటికి పెన్ స్టేట్ విద్యార్థిని. దేశానికి బంగారం తెచ్చేవాళ్లూ, వృత్తి లీగ్‌కు టికెట్లు అమ్మిపెట్టేవాళ్లూ మీ రింకుల్లోనే తయారవుతున్నారు.

టీవీ విషయానికి వస్తే, 2024 జనవరిలో మీ సంస్థ ఈఎస్‌పీఎన్‌తో ఎనిమిదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. నలభై ఛాంపియన్‌షిప్‌లకు 92 కోట్ల డాలర్లు. ఆ ఒప్పందం నడుస్తుండగానే 2025 మహిళల హాకీ ఫైనల్ ఈఎస్‌పీఎన్‌యూ అనే మూలనున్న చానల్లో వచ్చింది, పురుషుల ఫైనల్ ఈఎస్‌పీఎన్2లో. మహిళల బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను అందరికీ అందే ఏబీసీ చానల్లో చూపిస్తే ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2024లో సౌత్ కరొలైనా, ఐయొవా మ్యాచ్‌ను సగటున సుమారు 1.89 కోట్ల మంది చూశారు. ఆ ఏడాది పురుషుల ఫైనల్‌కు వచ్చింది 1.48 కోట్లు. హాకీకి అంత మంది వస్తారని ఎవరూ అనడం లేదు. ఇంట్లో రిమోట్ తిప్పుతున్నవాళ్ల కంట పడితే చాలు.

విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించేందుకు వీలిచ్చే హౌస్ కేసు ఒప్పందాన్ని 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించాక ఈ సంగతి మరింత తొందరపెడుతోంది. దానితో ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు తొలి ఏడాది, అంటే 2025–26లో, 2.05 కోట్ల డాలర్ల దాకా పంచే వీలు కలిగింది. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు పోతుందని అందరికీ తెలుసు. ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో మహిళల హాకీ జట్టుకు 26 మంది పరిమితి పెట్టి, స్కాలర్‌షిప్‌ల పాత హద్దు 18ని ఎత్తేశారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆదాయం చూపించలేని ఆటకు 26 స్కాలర్‌షిప్‌లూ ఇచ్చే విశ్వవిద్యాలయాలు ఎన్ని ఉంటాయి? 3,400 సీట్లలో కూర్చోబెట్టి, ఎవరూ చూడని చానల్లో చూపించి, తర్వాత ఈ ఆటకు ఆదాయం లేదనడం మీ సంస్థకే చెల్లుతుంది.

కనుక అడుగుతున్నవి నాలుగే.

ఫైనల్ వేదికలను మీరు కొన్నేళ్ల ముందే, నగరాల నుంచీ విశ్వవిద్యాలయాల నుంచీ దరఖాస్తులు తీసుకుని ఖరారు చేస్తారు. తర్వాతి విడత దరఖాస్తుల ప్రకటనలో మహిళల హాకీ ఫైనల్‌కు కనీసం ఎనిమిది వేల సీట్లు ఉండాలన్న షరతు పెట్టండి. మార్చి నెలలో పెద్ద అరీనాలకు ఎన్‌బీఏ, ఎన్‌హెచ్ఎల్ మ్యాచ్‌ల ఒత్తిడి ఉంటుంది, నిజమే. అందుకే ముందుగా అడగాలి. ఏప్రిల్‌లో పురుషుల ఫైనల్‌కు అవే అరీనాలు దొరుకుతున్నాయి కదా.

రెండోది, ఫైనల్‌ను ఈఎస్‌పీఎన్‌లో గానీ ఏబీసీలో గానీ చూపించేలా ఆ టీవీ సంస్థను ఒప్పించండి. మూడోది, బస్సు దూరానికి కాక ర్యాంకుకే విలువిచ్చే జోడింపు నియమాన్ని రాతపూర్వకంగా ప్రకటించండి. నాలుగోది, 2021లో బయటి న్యాయ సంస్థ తీసిన తలసరి ఖర్చు లెక్కను ఇకపై ఏటా మీరే, ఆటలవారీగా, అందరికీ తెలిసేలా విడుదల చేయండి. 4,285, 2,588 అంకెల మధ్య దూరం ఇప్పుడెంతుందో తెలుసుకునే హక్కు ఆ అమ్మాయిలకూ, ఫీజులు కట్టే తల్లిదండ్రులకూ ఉంది.

ఈ నాలుగింట్లో మొదటిదానికి మీ కమిటీ తీర్మానం ఒక్కటి చాలు. టీడీ గార్డెన్‌లో పది వేల టికెట్లు ఎలా అమ్మారో తెలుసుకోవాలంటే బీన్‌పాట్ నిర్వాహకులు మీ సొంత రాష్ట్రంవాళ్లే. తర్వాతి దరఖాస్తుల ప్రకటన వెలువడేలోగా వాళ్లకు ఫోన్ చేయండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక తెలుగు పత్రికా రచయిత